కురవని వానకు వ్యాకరణం

సి యువేవే, నో సాల్గో.
సి యోవియేరా, నో సల్ద్రీయా.
సి ఉబియేరా యోవీదో, నో అబ్రీయా సలీదో.

ఈ మూడు స్పానిష్ వాక్యాల్లోనూ ఉన్నది ఒకే వాన, బయటికి వెళ్ళాల్సిన మనిషీ ఒక్కడే. మొదటి వాక్యం అన్నవాడికి మబ్బు కనిపిస్తోంది: వాన పడితే వెళ్ళను. రెండోది అన్నవాడు ఎండలో నిలబడి అంటున్నాడు: పడేలా లేదు గానీ, పడిందే అనుకో, వెళ్ళను. మూడోది నిన్నటి సంగతి: వాన పడి ఉంటే వెళ్ళేవాణ్ణి కాదు; పడలేదు, వెళ్ళొచ్చాను. రెండో వాక్యాన్ని తెలుగులో చెప్పడానికి ‘పడేలా లేదు గానీ’, ‘అనుకో’ లాంటి మాటలు పోగేసుకోవాల్సి వచ్చింది. స్పానిష్‌కు ఆ అవసరం లేదు, క్రియ చివర మార్చి ఊరుకుంటుంది. వాన పడుతుందని మాట్లాడేవాడు నమ్ముతున్నాడా, లేక పడలేదని అతనికి ముందే తెలుసా అన్నదంతా ఆ చివరి అక్షరాలే చెప్పేస్తాయి.

షరతు వాక్యాలంటే చాలామందికి బడిలో మార్కుల కోసం చదివి వదిలేసిన పాఠం. తెలుగు వాచకంలో చేదర్థకం, ఇంగ్లీషు వాచకంలో ఇఫ్ క్లాజ్. నాకు మాత్రం భాష చేసే పనుల్లో ఇంత పనితనం ఉన్నది ఇంకొకటి కనిపించదు. ఉన్నదాని గురించి మాట్లాడటం ఏ భాషకైనా సులువే. జరగనిదాన్ని, ఇక ఎప్పటికీ జరిగే వీల్లేనిదాన్ని నిలబెట్టి, దాని మీద ఇంకో జరగని సంగతిని కట్టి, వినేవాడు ఎక్కడా పొరబడకుండా చూడటం ఈ వాక్యాల పని. ఇంగ్లీషూ స్పానిషూ ఈ పనికి ఏ సామాను తెచ్చుకున్నాయో, ఎక్కడినుంచి తెచ్చుకున్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ముందు స్పానిష్ సంగతి. రెండో వాక్యంలో రెండు క్రియలున్నాయి: షరతు చెప్పే సగంలో ‘యోవియేరా’, ఫలితం చెప్పే సగంలో ‘సల్ద్రీయా’. ఒకటి ‘రా’తో ముగిసింది, రెండోది ‘ఈయా’తో. శిష్ట స్పానిష్‌లో వీటి చోట్లు ఖాయం. షరతు సగంలో ‘ఈయా’ రూపం రాకూడదు. భవిష్యత్తు రూపమూ రాకూడదు. నిశ్చయంగా కాక అనుకోలుగా, కోరికగా చెప్పేవాటికి స్పానిష్‌లో పుష్కలంగా వాడే సబ్జంక్టివ్ అనే క్రియారూపం కూడా, వర్తమానంలో ఉంటే, షరతు మాట అయిన ఈ ‘సి’ తర్వాత అడుగు పెట్టదు. రెండు రెక్కల తలుపులో ఏ రెక్క ఎటువైపుదో వడ్రంగి ముందే తేల్చినట్టు, ఈ రెండు రూపాలూ ఒకదాని కోసం ఒకటి చెక్కినవి. అందుకే ఫలితాన్ని ముందు చెప్పి షరతును తర్వాత చెప్పినా తికమక ఉండదు. మధ్యలో పది మాటలు దూర్చినా అంతే.

ఇప్పుడు ‘సల్ద్రీయా’ అనే ఒక్క మాటను దగ్గరగా చూద్దాం. ‘సలీర్’ అంటే బయటికి వెళ్ళడం. లాటిన్ నుంచి స్పానిష్ విడివడుతున్న శతాబ్దాల్లో భవిష్యత్తుకు కొత్త రూపం పుట్టింది. పాత భవిష్యత్తు రూపాలు అరిగిపోవడంతో, జనం క్రియ మూలరూపం పక్కన ‘కలిగి ఉండు’ అనే అర్థమున్న క్రియను చేర్చి మాట్లాడటం మొదలుపెట్టారు. ‘వెళ్ళవలసి ఉంది’ అనే ధోరణి అది. ఆ సహాయక్రియ వర్తమానంలో ఉంటే భవిష్యత్తు రూపం వచ్చింది: సల్ద్రే, అంటే వెళ్తాను. అదే సహాయక్రియ భూతకాలంలో ఉంటే ‘సల్ద్రీయా’ వచ్చింది. అంటే ఈ మాటకు పుట్టుకతో ఉన్న అర్థం ‘వెళ్ళవలసి ఉండేది’. మధ్యయుగపు స్పానిష్‌లో ఈ రెండు ముక్కల మధ్య సర్వనామాన్ని ఇరికించేవారు కూడా. అంటే అప్పటికింకా అతుకు పూర్తిగా ఆరలేదు. పక్కనున్న పోర్చుగీసు రాతభాషలో అలా ఇరికించడం నేటికీ ఉంది.

మరి మధ్యలో ఆ ‘ద’ ఎక్కడిది? సలీర్‌లో ‘ద’ లేదు. ‘సలిరీయా’లో ఊనిక లేని ‘ఇ’ జారిపోయి ‘ల’, ‘ర’ పక్కపక్కన పడ్డాయి. ‘ల’ పలికిన నాలుక ‘ర’ దగ్గరికి పోయే దారిలో పళ్ళ వెనక ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగిన చప్పుడే ‘ద’. తెన్‌ద్రీయా, వెన్‌ద్రీయా, పొన్‌ద్రీయా, అన్నిటా ఇదే కథ. ఉరుముకు ఇంగ్లీషువాళ్ళు చెప్పే థండర్‌లోని ‘డ’ కూడా ఇలాగే పుట్టింది; పాత ఇంగ్లీషులో అది లేదు. స్పానిష్ నేర్చుకునేవాళ్ళు ఈ రూపాలను అపవాదాల పట్టికగా బట్టీ పడతారు. వెయ్యేళ్ళ నాటి నాలుక కదలిక ఆ అక్షరంలో ఉందని ఒక్కసారి చెబితే చాలు, బట్టీ అక్కర్లేదు.

అటు ‘యోవియేరా’లోని ‘రా’ కథ ఇంకా విచిత్రం. లాటిన్‌లో అది సబ్జంక్టివ్ కానే కాదు. ‘అప్పటికే వాన పడి ఉండెను’ అని చెప్పే, గతానికి ముందు గతాన్ని సూచించే మామూలు నిశ్చయార్థక రూపం. మధ్యయుగపు స్పానిష్ రచనల్లో ఆ పాత అర్థంతోనే కనిపిస్తుంది. మెల్లగా షరతు వాక్యాల్లోకి చేరి, అక్కడే స్థిరపడి, చివరికి సబ్జంక్టివ్ కుటుంబంలో సభ్యత్వం సంపాదించింది. దానికి తోడుగా ‘సె’తో ముగిసే రూపం ఒకటుంది, ‘యోవియేసె’ అని. అది లాటిన్ సబ్జంక్టివ్‌కు అసలు వారసురాలు. అర్థంలో రెండూ ఒకటే అయినా, లాటిన్ అమెరికా దేశాల మాటల్లో ‘రా’దే పైచేయి.

ఇక ఇంగ్లీషు. ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ వోంట్ గో అవుట్. ఇఫ్ ఇట్ రెయిన్డ్, ఐ వుడింట్ గో అవుట్. ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్, ఐ వుడింట్ హ్యావ్ గాన్ అవుట్. మెట్లు అవే మూడు. సామాను మాత్రం చాలా తక్కువ. ఒకప్పుడు ఇంగ్లీషుకూ నిండైన సబ్జంక్టివ్ వ్యవస్థ ఉండేది. శతాబ్దాల అరుగుదలలో పదాల చివరలు రాలిపోయాక, భూతకాలంలో దాని ఆనవాలు ఒక్క క్రియలోనే మిగిలింది: ఇఫ్ ఐ వర్. మిగతా క్రియలన్నిటికీ మామూలు భూతకాల రూపమే దిక్కు. ఇంత పేదరికంలోనూ ఇంగ్లీషు మూడు మెట్లనూ చెక్కుచెదరకుండా నిలబెట్టుకుంది. పనివాడి గొప్పతనం కొరతలో తెలుస్తుందంటే ఇదే.

ఫలితం సగంలో వచ్చే ‘వుడ్’ ఎక్కడిది? ‘విల్’కు భూతకాలం. విల్ అంటే మొదట్లో కోరడం, ఇష్టపడటం. భవిష్యత్తును స్పానిష్ ‘కలిగి ఉండటం’ నుంచి కట్టుకుంటే, ఇంగ్లీషు ‘కోరడం’ నుంచి కట్టుకుంది. ఒకటి లాటిన్ సంతానం, ఒకటి జర్మానిక్ సంతానం. వాడిన ఇటుకలు వేరు. కానీ జరగని ఫలితం చెప్పాల్సి వచ్చినప్పుడు రెండూ చేసిన పని ఒక్కటే: తమ భవిష్యత్తు రూపాన్ని తీసుకుని భూతకాలంలోకి తోశాయి. శిష్ట లాటిన్‌లో ఈ ఏర్పాటు లేదు. అక్కడ రెండు సగాల్లోనూ సబ్జంక్టివే ఉండేది. కాబట్టి ఇది శిష్ట లాటిన్ నుంచి వచ్చిన వారసత్వం కాదు, తర్వాత కట్టుకున్నది.

షరతు సగం చూడండి, భూతకాలం. ఫలితం సగం చూడండి, భూతకాలం చేసిన భవిష్యత్తు. రెండు భాషల్లో నాలుగు ముక్కలు, నాలుగూ గతంలోంచి వచ్చినవే. రేపటి వాన గురించి మాట్లాడుతూ ‘రెయిన్డ్’ అనడమేమిటి?

ఈ ప్రశ్నకు దగ్గరగా వెళ్ళిన మొదటివాళ్ళలో ఒకడు ఆంద్రేస్ బెయో. 1781లో కరకాస్‌లో పుట్టాడు, కుర్ర సిమోన్ బొలివార్‌కు కొంతకాలం పాఠాలు చెప్పాడు, 1810 నుంచి 1829 దాకా లండన్‌లో గడిపాడు, ఆ తర్వాత చిలీలో స్థిరపడి 1865లో అక్కడే కన్నుమూశాడు. చిలీ విశ్వవిద్యాలయానికి మొదటి రెక్టర్, ఆ దేశపు సివిల్ కోడ్‌కు ప్రధాన రచయిత. 1847లో ఆయన అచ్చువేసిన స్పానిష్ వ్యాకరణం అమెరికా ఖండపు స్పానిష్ జనం కోసమని శీర్షికలోనే చెప్పుకుంది. దానికి ముందు 1841లో క్రియాకాలాల మీదే ఒక చిన్న పుస్తకం వేశాడు. నా దృష్టిలో వ్యాకరణ చరిత్రలో అందమైన పనుల్లో అదొకటి.

బెయో చేసిందేమిటంటే, కాలాలకు ఉన్న గజిబిజి పేర్లు పక్కనబెట్టి, ఆ పేరే లెక్కలా ఉండేట్టు కొత్త పేర్లు పెట్టాడు. గతం ‘ప్రెతేరితో’. గతంతో పాటు నడిచేది ‘కోప్రెతేరితో’. గతంలోని ఒక బిందువు నుంచి చూస్తే తర్వాత వచ్చేది ‘పోస్‌ప్రెతేరితో’. మన ‘సల్ద్రీయా’కు ఆయనిచ్చిన పేరు ఈ చివరిదే. ఎందుకంటే దాని మొదటి పని అదే: దిహో కే వెన్‌ద్రీయా, వస్తానన్నాడు. అన్నది గతం, రావడం ఆ గతానికి తర్వాతి సంగతి. ఇంగ్లీషులోనూ ఇంతే, హి సెడ్ హి వుడ్ కమ్. షరతు వాక్యాల్లో అదే రూపం రావడాన్ని బెయో రూపక ప్రయోగం అన్నాడు. వర్తమానం గురించి గత రూపంలో మాట్లాడితే అందులో చెప్పకుండా చెప్పిన ‘కాదు’ ఒకటి ఉంటుందని గుర్తించాడు. ‘డబ్బు ఉంటే’ అనే చోట ఉండటాన్ని గతంలోకి నెట్టేస్తే, ఇప్పుడు లేదనే సంగతి దానంతట అదే వినిపిస్తుంది.

బెయో పేర్లు మెక్సికో బడి పుస్తకాల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. మాడ్రిడ్‌లోని స్పానిష్ అకాడమీ మాత్రం ‘ఈయా’ రూపానికి చాలాకాలం నిశ్చయార్థకం, సబ్జంక్టివ్‌లతో పాటు విడిగా ఒక విభాగమే కేటాయించి, 1973 నాటి ముసాయిదా వ్యాకరణంలో గానీ దాన్ని మామూలు నిశ్చయార్థకాల మధ్య కూర్చోబెట్టలేదు. చిలీలోని శాంతియాగోలో కూర్చున్న మనిషి నూటముప్ఫై ఏళ్ళకు పైగా ముందే తేల్చిన లెక్క అది. 2000లో సబీన్ ఇయాట్రిడూ అనే భాషాశాస్త్రవేత్త ఈ విషయం మీద రాసిన వ్యాసం బాగా పేరు పొందింది. ఎన్నో భాషల్లో జరగనిదాన్ని చెప్పే రూపాల్లోని భూతకాలం కాలాన్ని చెప్పదని, అది నకిలీ భూతకాలమని ఆమె వాదన. దూరం అనే ఒకే భావాన్ని కాలానికి వాడితే గతం అవుతుంది, లోకానికి వాడితే లేని లోకం అవుతుంది. బెయో చూసిన ఆ చెప్పని ‘కాదు’ ఇందులో మళ్ళీ వినిపిస్తుంది.

ఇక్కడ మన భాష దానంతట అదే గుర్తుకొస్తుంది. తెలుగు ఆ రెండు భాషల కుటుంబానిది కాదు. అయినా ‘డబ్బుంటే ఇల్లు కొనేవాణ్ణి’ అంటాం. ఈ ‘కొనేవాణ్ణి’ ఏమిటి? ‘చిన్నప్పుడు రోజూ ఆ కొట్లోనే బిస్కెట్లు కొనేవాణ్ణి’ అన్నప్పుడు వచ్చేదీ ఇదే. గతంలో అలవాటుగా చేసిన పనిని చెప్పే రూపాన్ని తెలుగు జరగని ఫలితానికి వాడుకుంటోంది. ఇంగ్లీషు వుడ్‌కు కూడా సరిగ్గా ఈ రెండు పనులూ ఉన్నాయి: తాతయ్య రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చునేవాడు అని చెప్పడానికి వాళ్ళూ వుడ్ వాడతారు. స్పెయిన్‌లో మాటల్లో ‘కొంప్రరీయా’ అనాల్సిన చోట ‘కొంప్రావా’ అంటారు, అది గతపు అలవాటు రూపమే. మూడు భాషలు, ఒకదాన్నొకటి చూడకుండా, ఒకే గదిలోంచి సామాను తెచ్చుకున్నాయి.

అయితే తెలుగు ఒక మెట్టు వదిలేసింది. ‘డబ్బుంటే ఇల్లు కొనేవాణ్ణి’ ఇప్పటి మాటా, పోయిన ఏడాది మాటా? రెండూ కావచ్చు, సందర్భం తేలుస్తుంది. ఇంగ్లీషు, స్పానిష్ అలా వదలవు. ఇప్పుడు లేదంటే హ్యాడ్, అప్పుడు లేదంటే హ్యాడ్ హ్యాడ్. ఇటు తువియేరా, ఉబియేరా తెనీదో. తెలుగు నుంచి వెళ్ళేవాళ్ళకు తడబాటు ఇక్కడే. కోచింగు పుస్తకాల్లో ఫస్ట్, సెకండ్, థర్డ్ అంటూ ఈ వాక్యాలకు నంబర్లు వేసి నేర్పుతారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. ‘అప్పుడు చదివి ఉంటే ఇప్పుడు ఉద్యోగం ఉండేది’ అనే మాట ఏ నంబరు? సి ఉబియేరా ఎస్తుదియాదో, అఓరా తెన్‌ద్రీయా త్రబాహో. షరతు మూడో మెట్టుది, ఫలితం రెండో మెట్టుది. ప్రతి సగానికీ దాని దూరాన్ని అది చెప్పుకునే స్వేచ్ఛ ఉందన్నదే ఈ నిర్మాణంలోని గొప్ప. నంబర్లు ఆ స్వేచ్ఛనే కప్పేస్తాయి.

ఇంగ్లీషు పొదుపు ఎంతవరకు పోతుందో చూడాలంటే మాటల్లో వినాలి. ‘నాకు తెలిసి ఉంటే నీకు చెప్పేవాణ్ణి’ అనేదాన్ని వాళ్ళు ‘ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హ్యావ్ టోల్డ్ యు’ అంటారు. రెండుసార్లు వచ్చిన ‘ఐడ్’ చెవికి ఒక్కటే. కానీ మొదటిది ఐ హ్యాడ్, రెండోది ఐ వుడ్. షరతు సగాన్నీ ఫలితం సగాన్నీ వేరుచేసే రెండు కీలకమైన మాటలు అరిగి అరిగి ఒకే ‘డ్’గా మిగిలాయి. అయినా ఇంగ్లీషు పిల్లవాడెవడూ పొరబడడు. మొదటి దాని తర్వాత ‘నోన్’, రెండోదాని తర్వాత ‘హ్యావ్’ ఉండటం వల్ల ఆ ‘డ్’ ఏదో వెంటనే తెలిసిపోతుంది. పోయిన సమాచారాన్ని పక్క మాట మోస్తోంది. ‘ఇఫ్’ను కూడా తీసేసి ‘హ్యాడ్ ఐ నోన్’ అని క్రియను ముందుకు జరిపితే, ఆ జరపడమే షరతు అవుతుంది. స్పానిష్‌లో ఈ పని చేసేది ‘దె అబేర్లో సబీదో’. అక్కడ క్రియకు పురుషా లేదు, కాలమూ లేదు, ‘సి’ కూడా లేదు. తెలియని సంగతి తెలియనిదిగానే ఉంది.

ఈ నిర్మాణాల మధ్య తేడా ఎంత పదునో చూపడానికి తత్త్వవేత్త ఎర్నెస్ట్ ఆడమ్స్ 1970లో వాడిన ఉదాహరణ ఒకటుంది. 1963 నవంబరు 22న డల్లాస్‌లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్యకు గురయ్యాడు, ఆ నేరం ఆస్వాల్డ్ మీద పడింది. ‘ఆస్వాల్డ్ చంపకపోతే ఇంకెవరో చంపి ఉంటారు’ అంటే ఎవరైనా ఒప్పుకుంటారు, మనిషి చనిపోయాడు కదా. ‘ఆస్వాల్డ్ చంపి ఉండకపోతే ఇంకెవరో చంపి ఉండేవారు’ అంటే మాత్రం దాని వెనక కుట్ర ఉందని ఆరోపించినట్టు. ఇంగ్లీషులో మొదటిదానికి మామూలు డిడింట్, డిడ్. రెండోదానికి హ్యాడింట్, వుడ్ హ్యావ్. స్పానిష్‌లో మొదటిదానికి మతో అనే మామూలు భూతకాలం రెండు వైపులా. రెండోదానికి ఉబియేరా ఒకవైపు, అబ్రీయా ఇంకోవైపు. మనకు ‘ఉంటారు’, ‘ఉండేవారు’. ఒక్క ప్రత్యయం మార్పుతో సత్యమైన మాట నేరారోపణ అయిపోతోంది. తర్కశాస్త్రం ఈ రెండు రకాల షరతుల మధ్య సంబంధం గురించి నేటికీ వాదించుకుంటూనే ఉంది. మాట్లాడే జనం దాన్ని తడుముకోకుండా వాడుకుంటున్నారు.

స్పానిష్‌లో చివరికి దాదాపు చట్టంలో మాత్రమే మిగిలిన రూపం ఒకటుంది: ‘రె’తో ముగిసే భవిష్యత్ సబ్జంక్టివ్. ‘ఎవడైనా చంపినయెడల’ అని చెప్పే ‘మతారే’ లాంటిది. మాటల్లో అది పోయి చాలాకాలమైంది, కొన్ని సామెతల్లో, నానుడుల్లో తప్ప వినపడదు. స్పెయిన్ శిక్షాస్మృతిలో ఇప్పటికీ ఉంది. బెయో రాసిన చిలీ సివిల్ కోడ్ నిండా ‘ఫువేరే’, ‘ఉబియేరే’ రూపాలే. తన వ్యాకరణంలో ఆయన దీన్ని మిగతా సబ్జంక్టివ్ నుంచి విడదీసి, ఊహార్థకం అని వేరే పేరిచ్చాడు. చట్టం రాసేవాడికి కావాల్సింది సరిగ్గా అదే కదా: జరుగుతుందనీ అనదు, జరగదనీ అనదు, జరిగితే ఏమిటో చెబుతుంది. మన దస్తావేజుల్లో ‘అద్దె చెల్లించనిచో’, ‘చెల్లించనియెడల’ అని రాసే ధోరణికి ఇది చాలా దగ్గర.

స్పానిష్‌లో బెదిరింపుకూ వేరే ఏర్పాటుంది. ‘సి’ బదులు ‘కోమో’ పెట్టి వర్తమాన సబ్జంక్టివ్ వాడితే, ‘చదవలేదో, చూస్కో’ అన్న వేడి వస్తుంది. అంగట్లో ‘కిసియేరా’ అంటే మర్యాదగా అడగడం. పత్రికల్లో ‘మంత్రి రాజీనామా చేసినట్టు తెలిసింది’ అనడానికి ‘అబ్రీయా దిమితీదో’ అంటారు. షరతు సగం లేకుండా ఫలితం సగం ఒక్కటే నిలబడి, ఈ వార్తకు పూచీ నాది కాదని చెబుతుంది.

ఈ నియమాలన్నీ రాతిలో చెక్కినవేమీ కావు. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో, బుర్గోస్ చుట్టుపక్కల జనం ‘సి తువియేరా’ అనాల్సిన చోట ‘సి తెన్‌ద్రీయా’ అంటారు, రెండు వైపులా ‘ఈయా’నే. బడిలో దిద్దుతారు, ఇంట్లో మళ్ళీ అదే. అమెరికన్ల మాటల్లో ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్’ బదులు ‘ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్’ ఎక్కువగానే వినిపిస్తుంది, మనవాళ్ళ ఇంగ్లీషులోనూ అంతే. వ్యాకరణం పుస్తకం వీటిని తప్పులంటుంది, పరీక్షలో మార్కులూ పోతాయి. కానీ వాటిలో ఒక క్రమం ఉంది. రెండు సగాలూ జరగనివే అయినప్పుడు రెండింటికీ ఒకే గుర్తు చాలదా అని ఆ మాట్లాడేవాళ్ళ ఊహ. శిష్ట లాటిన్ కూడా రెండు వైపులా ఒకే రూపాన్నే వాడింది. చదువుకున్న స్పానిష్‌లోనూ ‘ఉబియేరా సబీదో, ఉబియేరా వెనీదో’ అని రెండు చోట్లా ‘రా’ వేయడం ఎప్పటినుంచో చెల్లుతోంది, అకాడమీ కూడా ఒప్పుకుంది. బుర్గోస్ వాళ్ళు చేసింది అదే పని, కాకపోతే రెండో రెక్కతో.